పన్నెండు నీలం స్టూళ్ళు

సాయంత్రం నాలుగు దాటింది. రెండు గదుల వాటాలో వెనకగది. బట్టల షాపులో ముప్ఫై ఒక్క ఏళ్ళు పనిచేసి నలభై రోజుల కిందట రిటైరైన అత్తగారు మంచం అంచున కూర్చుని, టబ్బులో ఉప్పునీళ్ళల్లో కాళ్ళు పెట్టుకుని ఉంది. అదే షాపులో పిల్లల బట్టల కౌంటరు చూసే కోడలు వేడినీళ్ళ గిన్నెతో పక్కన కూర్చుంది.

"ఇంకాస్త పొయ్యి."

"చాలు అత్తయ్యా, చర్మం కమిలిపోతుంది."

"కమలనీ. పైన మంట పుడితే లోపలి నొప్పి కాసేపు నోరు మూసుకుంటుంది. పొయ్యి, భయపడకు. ఆఁ... అమ్మయ్య."

"డాక్టరు వేడి వద్దన్నాడు కదా. ఐసు పెట్టమన్నాడు."

"డాక్టరు చాలా అన్నాడు. నిలబడ్డం తగ్గించమన్నాడు. పొద్దున తొమ్మిదింటి నించి రాత్రి ఎనిమిదింటి దాకా నిలబడేదాన్ని పట్టుకుని నిలబడ్డం తగ్గించమంటే, చేపని పట్టుకుని ఈత తగ్గించమన్నట్టే. ఎక్స్‌రే వెలుతురుకి పెట్టి చూపించాడు, మడమ కింద ఎముక ముల్లులా పెరిగిందని. ఎంత సూటిగా పెరిగిందో! నేను పెంచినవాటిల్లో నా మాట వినకుండా పెరిగింది అదొక్కటే అనుకునేవు, మీ ఆయన కూడా ఉన్నాడు."

"మాట మార్చకండి. రేపు పదింటికి."

"ఏంటి రేపు పదింటికి?"

"మళ్ళీ మొదటికొచ్చారు. వారం నించి చెబుతున్నాను. లేబర్ ఆఫీసులో విచారణ."

"ఓ, అదా."

"అదే. మేం పదకొండుమందిమి అర్జీ పెట్టాం, కూర్చోడానికి స్టూళ్ళు ఇవ్వరు, కూర్చుంటే ఊరుకోరు అని. షాపు వాళ్ళేమో స్టూళ్ళు ఎప్పుడూ ఉన్నాయి, ఉంటూనే ఉన్నాయి అంటున్నారు. పాతవాళ్ళెవరైనా వచ్చి ఉన్నది ఉన్నట్టు చెబితే చాలన్నాడు ఆ అధికారి. పాతవాళ్ళంటే ఇంకెవరున్నారు? మీరే. వాళ్ళందరికీ నేను మాటిచ్చాను, మా అత్తయ్యని తీసుకొస్తానని."

"నన్నడక్కుండా నా మాట నువ్వెలా ఇచ్చావే?"

"అడిగాను. మీరు 'చూద్దాంలే' అన్నారు."

"చూద్దాంలే అంటే వస్తానని కాదు కదా. మూడో అంతస్తులో ఉంటుంది ఆ ఆఫీసు. ఈ కాళ్ళతో మూడంతస్తులు ఎక్కితే, నేను చెప్పే సాక్ష్యం మీ మామయ్యకి చెప్పుకోవాలి, పైకెళ్ళి."

"లిఫ్టుంది."

"ఉంటుంది. పనిచెయ్యద్దూ?"

"చేస్తోంది. నిన్న ఎక్కి దిగి చూశాను."

"నిన్న చేసింది. రేపటి సంగతి లిఫ్టుకే తెలీదు."

"అత్తయ్యా!"

"అరవకు. నీళ్ళు ఒలుకుతాయి. అవునూ, నువ్వేంటి ఇవాళ ఇంత తొందరగా వచ్చేశావు? తొమ్మిదైతే గానీ గుమ్మం తొక్కనిదానివి, మూడింటికే వచ్చావు."

"తలనొప్పిగా ఉండి వచ్చేశాను."

"పూట సెలవిచ్చారా? తలనొప్పికి? నేను సూపర్వైజరుగా ఉండగా జ్వరమొచ్చినా థర్మామీటరు చూపిస్తే గానీ పంపేదాన్ని కాదు."

"తెలుసు లెండి."

"ఆ యూనిఫాం చొక్కా ఇంకా మార్చుకోలేదేం? నలిగిపోతోంది. మళ్ళీ పొద్దున్నే ఇస్త్రీ అని పరిగెడతావు."

"ఇస్త్రీ ఏం అక్కర్లేదు లెండి. ఎడమకాలు పైకెత్తండి, చూస్తాను. వాపు నిన్నటికన్నా ఎక్కువుంది."

"రిటైరైతే తగ్గుతుందన్నాడు మహానుభావుడు. ఉద్యోగం నేను మానేశాను గానీ నా మడమ మానలేదు. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తానా, గాజుపెంకు గుచ్చుకున్నట్టే. రెండో అడుగు, మూడో అడుగు... పది అడుగులు వేశాక మెత్తబడుతుంది. ఆ పది అడుగులే బతుకు. పదకొండేళ్ళుగా రోజూ పొద్దున్నే పది అడుగులు లెక్కపెట్టుకుని వంటింట్లోకి వస్తున్నాను. మీ ఎవరికైనా తెలిసిందా?"

"తెలుసు. మీరు గోడ పట్టుకున్న చోట సున్నం నల్లబడింది."

"...చూశావా?"

"మూడేళ్ళుగా ఆ గోడ తుడిచేది నేనే కదా."

"సరే. నేను చెప్పేదేంటంటే, నొప్పి ఎంతుందో అంతే ఉండనివ్వాలి. పాదంలో ఉన్నదాన్ని తలకెక్కించుకోకూడదు. నాది మడమ వరకే. మోకాలు దాటనివ్వలేదు నేను. ఎలా అంటావు? నాకన్నా కష్టంలో ఉన్నవాళ్ళని చూసేదాన్ని. బస్టాపు దగ్గర పెన్నులమ్మే ఆయన లేడూ, రెండు కాళ్ళూ లేవు, చక్రాల చెక్క మీద కూర్చుంటాడు..."

"ఉన్నాడు."

"రోజూ ఆయన్ని ఒకసారి చూసుకుని షాపులోకి వెళ్ళేదాన్ని. ఆయన్ని చూశాక నాది నొప్పే కాదు."

"అంటే ఆయన మీకు మందుబిళ్ళ."

"అదేం మాటే!"

"మరి? రోజూ పొద్దున ఒక చూపు. ఆయన్ని చూసి మీరు తగ్గించుకుంటారు. ఆయన ఎవర్ని చూసి తగ్గించుకోవాలి?"

"అడిగాను."

"అడిగారా?"

"ఒకసారి వానకి షెడ్డు కింద ఇద్దరమే ఉన్నాం. నోరు ఊరుకోక అడిగేశాను, 'నీకు దిగులనిపించదా నాయనా' అని. ఏమన్నాడో తెలుసా? 'అనిపిస్తే మీ షాపు అద్దంలోంచి మిమ్మల్నందర్నీ చూస్తానమ్మా. పొద్దస్తమానం నిలబడే ఉంటారు కదా పాపం, నాకా బాధ లేదు' అన్నాడు. నవ్వుతావేం?"

"నవ్వట్లేదు. ఇవాళ అడిగాడు మీ గురించి. 'అమ్మగారి కాలెలా ఉంది' అని."

"ఇవాళా? ఆయన ఒంటిగంటకల్లా బజారు వైపు వెళ్ళిపోతాడే. నువ్వు బయటపడేసరికి..."

"ఉన్నాడు ఇవాళ. ఆ గ్లాసు ఇటివ్వండి, నీళ్ళు తీస్తాను. అవునూ, వంటింట్లో రెండు టీ కప్పులున్నాయి కడగకుండా. ఎవరొచ్చారు మధ్యాహ్నం?"

"పక్కింటావిడ."

"ఆవిడ టీ ముట్టదుగా."

"ఇవాళ ముట్టింది. ప్రతిదానికీ ఆరాలేనా? నాకేదో విచారణ ఇక్కడే జరుగుతున్నట్టుందే!"

"సరే సరే. రేపు మీరు చెప్పాల్సింది పెద్దగా ఏం లేదు. స్టూళ్ళ సంగతి చెప్పండి చాలు. మాకు చెబుతూ ఉండేవారు కదా నవ్వుకుంటూ. అదే చెప్పండి అక్కడ."

"నవ్వులాటకి చెప్పింది ఆఫీసులో చెబుతారా ఎవరైనా?"

"నిజమే కదా కానీ. ఒకసారి చెప్పండి, వింటాను. ఫోను వచ్చేది, తరవాత?"

"ఫోను వచ్చేది, కింద క్యాషు దగ్గరికి. 'చుట్టాలొస్తున్నారు' అనేవారు. అంటే లేబర్ ఆఫీసు నించి తనిఖీకి వస్తున్నారని. వాళ్ళు వీధి మలుపు తిరిగేలోపు నేను గోడౌను తాళం తీసి, పన్నెండు స్టూళ్ళూ బయటికి లాగించేదాన్ని. నీలంరంగువి. కౌంటరుకొకటి, వెనకాల. దుమ్ము తుడవాలి, కానీ కవరు చింపకూడదు. అదీ ఓనరుగారి ఆర్డరు. కొన్నప్పటి ప్లాస్టిక్ కవరు అలాగే ఉండాలి, కొత్తగా కొన్నట్టు కనపడాలని."

"ఆ తనిఖీ ఆయన వచ్చి చూసి?"

"చెయ్యి పెట్టి నొక్కి చూసేవాడు. 'కొత్తవా?' 'అవునండీ, పోయినవారమే తెప్పించాం.' మళ్ళీ ఏడు వచ్చి 'కొత్తవా?' 'అవునండీ, పోయినవారమే.' నాలుగేళ్ళు వరసగా ఆ స్టూళ్ళని పోయినవారమే కొన్నాం మేము. నాకైతే నవ్వు ఆగేది కాదు, కర్టెన్ల వెనక్కి పోయేదాన్ని. ఆయన మెట్లు దిగాడో లేదో, స్టూళ్ళు మళ్ళీ లోపలికి. తాళం."

"ఒక్కసారైనా ఎవరైనా కూర్చున్నారా వాటిమీద?"

"ఒకసారి ఎవరో కొనడానికొచ్చినావిడ పసివాడు కూర్చున్నాడు. వాడు దిగాక కవరు మీద తడి. దానికి నన్ను తిట్టారు."

"చూశారా, ఇది చెబితే చాలు. ఇంకేం అక్కర్లేదు. ఎవరూ కాదనలేరు."

"ఎందుకు కాదనలేరూ? నువ్వే చూశావా? నువ్వొచ్చాక తనిఖీ ఎన్నిసార్లయింది?"

"రెండుసార్లు. రెండుసార్లూ మీరే తాళం తీశారు, నేను రెండు స్టూళ్ళు మోశాను. మా ఎవరి మాటా నమ్మరట, అర్జీ పెట్టినవాళ్ళం కాబట్టి. మీకేం లాభం లేదు కాబట్టి మీ మాట నమ్ముతారు. అదీ సంగతి."

"ఊఁ."

"ఊఁ అంటే?"

"ఊఁ అంటే ఊఁ. అయినా మీ కాలం పిల్లలకి ఓర్పు తక్కువ. ఏసీ ఉంది, మంచినీళ్ళ మెషినుంది. మాకేముంది? నేను చేరిన కొత్తల్లో మా సూపర్వైజరు ఒకావిడ ఉండేది, గద్ద అనేవాళ్ళం. పైన మెట్ల మలుపులో నిలబడి చూసేది, అక్కణ్ణించి వాలేది. నాకప్పుడు ఏడో నెల. మీ ఆయన కడుపులో ఉన్నాడు. కళ్ళు తిరిగి, పరదాగుడ్డ తాను ఉంటే దానిమీద అలా ఆనాను. కూర్చోను కూడా లేదు, ఆనాను. కొలకర్ర తీసి తాను మీద ఠపీమని కొట్టింది, నా తొడ పక్కనే. 'సరుకు మీద కూర్చుంటావా? అది అమ్ముకునేదా, నువ్వు పడుకునేదా?' అంది, అందరి ముందూ. కొనడానికొచ్చినవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. ఏం చెయ్యను?"

"ఇది నాకెప్పుడూ చెప్పలేదు."

"చెప్పేదేముంది! ఆ రోజే నేర్చుకున్నాను. కొలత టేపు జారవిడిచేదాన్ని. టేపు పడితే వంగి తీసుకోవాలి కదా, గొంతుకూర్చోవచ్చు, మూడు లెక్కపెట్టే దాకా. రోజుకి ముప్ఫైసార్లు జారేది నా టేపు. 'చేతుల్లో వెన్న పూసుకొచ్చావా' అనేది గద్ద. ఇంకా, బట్టలు వేసుకుని చూసుకునే గది ఉంటుందా, అందులో వదిలేసిన బట్టలు తీసే వంకన వెళ్ళి, తలుపేసుకుని నేలమీద కూర్చుని అరవై లెక్కపెట్టేదాన్ని. అరవై ఒకటి అన్నానంటే తలుపు మీద టకటకా. చెప్పులు ఒక సైజు పెద్దవి కొనాలి, సాయంత్రానికి పాదం పొంగుతుంది కాబట్టి. గంట ఈ కాలిమీద, గంట ఆ కాలిమీద. సీసాలో నీళ్ళు గడ్డ కట్టించి..."

"పాదం కింద దొర్లించాలి."

"నీకెలా తెలుసు?"

"కాలు దించండి, తుడుస్తాను."

"అమ్మాయ్. నీకెలా తెలుసు అంటున్నాను."

"నాకూ మొదలైంది అత్తయ్యా. ఎడమ మడమ. ఆర్నెల్లవుతోంది."

"తెలుసు."

"తెలుసా?"

"నువ్వు పొద్దున లేచి తలుపు దాకా వేళ్ళమీద నడుస్తావు. మీ ఆయన నిద్రమొహం, వాడికి కనపడదు. నేను పడుకునే వింటాను. నీ అడుగు ఒకటి చప్పుడవుతుంది, ఒకటి అవదు."

"మరి తెలిసీ ఇంకా చూద్దాంలే అంటారేంటి! నాకు ఇరవై ఎనిమిది. మీకు మొదలైనప్పుడు యాభై దగ్గర. మీ వయసు వచ్చేసరికి నేనెక్కడుంటాను? నేనూ చెక్క మీద కూర్చుని పెన్నులమ్మాలా?"

"నోరు కడుక్కో. అంతదాకా రాదు."

"ఎందుకు రాదు?"

"రాదంటే రాదు. ఆ సంగతి నేను చూసుకుంటాను."

"మీరేం చూస్తారు? ఇంకా ఏం చూస్తారు? మీరు సూపర్వైజరైనప్పుడు చూడాల్సింది. పదకొండేళ్ళు ఆ తాళంచెవి మీ నడుముకే ఉంది. మీ పేరేంటో తెలుసా అక్కడ? గద్ద ఆవిడకి పేరైతే మీకు లేదనుకున్నారా?"

"నాకూ ఉందా? ఏం పేరు?"

"వద్దు లెండి."

"చెప్పు. చెప్పవే, నేనేం అనుకోను."

"తాళాలమ్మ. నేను పెట్టలేదు. నేను చేరేసరికే ఉంది."

"తాళాలమ్మ. బాగానే ఉంది. గద్ద కన్నా నయం."

"మనసులో పెట్టుకోకండి. కోపంలో అన్నాను."

"నేను సూపర్వైజరైన మొదటివారం ఏం చేశానో చెప్పిందా ఎవరైనా ఆ పేరు పెట్టినవాళ్ళలో? గోడౌను తెరిచి ఒక స్టూలు తీశాను. ఒకటే. మగవాళ్ళ చొక్కాల దగ్గర ఒక పిల్ల ఉండేది, ఒంట్లో రక్తం లేనిది. ఆ పిల్లని కూర్చోబెట్టాను, పావుగంట. కెమెరాలో చూశారు. పెద్ద ఓనరు పైకి పిలిచాడు, నన్ను. ఆ పిల్లని కాదు. వెళ్ళాను. ఆయన తలెత్తలేదు. కాగితాలు చూసుకుంటున్నాడు. ఎదురుగా రెండు కుర్చీలున్నాయి. నేను నిలబడ్డాను. పది నిమిషాలు, ఇరవై నిమిషాలు. గోడగడియారం చూస్తూ నిలబడ్డాను. అరగంటయ్యాక తలెత్తి 'వెళ్ళండి' అన్నాడు. అంతే. ఒక్క మాట తిట్టలేదు. తిడితే బాగుండేది. కిందికొచ్చి ఆ పిల్లని లేపేసి స్టూలు లోపల పెట్టి తాళం వేశాను. ఆ సాయంత్రమే మొదలైంది ఈ మడమలో. డాక్టరు ఎముకంటాడు. ఎముకో ఏమో నాకు తెలీదు."

"ఇది కూడా చెప్పండి రేపు."

"చెప్పను."

"ఎందుకు చెప్పరు?"

"చెబితే ఏమొస్తుంది? పన్నెండు స్టూళ్ళొస్తాయి. కవర్లు చింపుతారు. ఆర్నెల్లు కూర్చుంటారు. తరవాత ఒక్కొక్కర్నే ఏదో ఒకటి చెప్పి పంపేస్తారు. నేను చూశాను అలాంటివి. ముందుగా వేటు పడేది ముందు సంతకం పెట్టినవాళ్ళ మీదే. ముందు సంతకం నీదట కదా!"

"మీకెవరు చెప్పారు?"

"ఏంటి?"

"ముందు సంతకం నాదని. నేను చెప్పలేదే."

"చెప్పావు. మొన్న."

"చెప్పలేదు. మీరు భయపడతారని కావాలనే చెప్పలేదు."

"అయితే మీ ఆయన చెప్పుంటాడు."

"ఆయనకే తెలీదు."

"నీళ్ళు చల్లారాయి. ఇంకో గిన్నె తీసుకురా పో."

"తెస్తాను. ముందు రేపటి సంగతి తేల్చండి. తొమ్మిదింటికి ఆటో మాట్లాడతాను. మీరు మెట్లు దిగితే చాలు."

"ఆటో అక్కర్లేదు."

"నడుస్తారా మరి?"

"కారొస్తుంది."

"కారా? ఎవరి కారు అత్తయ్యా?"

"వాళ్ళ కారు."

"వాళ్ళంటే?"

"చిన్న ఓనరు పంపిస్తానన్నాడు."

"...వాళ్ళ తరఫునా? షాపు వాళ్ళు కూడా ఒక పాతమనిషిని తెస్తున్నారని అనుకుంటున్నారు అందరూ. క్యాషు చూసే తాతగారేమో అనుకున్నాం. అది మీరా?"

"గట్టిగా మాట్లాడకు, పక్కింటికి వినపడుతుంది."

"పక్కింటికి వినపడుతుందా? టీ తాగిన పక్కింటావిడకా? వాడేనా వచ్చింది? ఆ రెండో కప్పు వాడిదేనా?"

"వాడూ వీడూ అనకు. మర్యాదగానే మాట్లాడాడు. చెప్పులు గుమ్మం బయటే విప్పాడు. నేను లేవబోతే 'కూర్చోండమ్మా కూర్చోండి' అన్నాడు. ఆ ఇంటివాళ్ళ నోట ఆ మాట వినడం నాకదే మొదలు. ముప్ఫై ఒక్క ఏళ్ళకి."

"అందుకని వాళ్ళ కాగితం మీద సంతకం పెట్టారా? కూర్చోమన్నాడని?"

"టైపు చేసి తెచ్చాడు. చదివి వినిపించాడు. ప్రతి కౌంటరు వెనకాల స్టూలు ఉండేది, ఎవరూ ఎవర్నీ కూర్చోవద్దనలేదు అని. పెట్టాను."

"నాలుగేళ్ళు వరసగా పోయినవారమే కొన్నామని నవ్విన నోటితో!"

"అవును."

"నొప్పిని మోకాలు దాటనివ్వలేదన్నారే. దాటింది అత్తయ్యా. గొంతు దాకా వచ్చింది. నిజం బయటికి రాకుండా అక్కడ కూర్చుంది."

"అను. ఇంకా అను. ఎంత అంటే అంత తేలిక నాకు."

"ఏమిచ్చాడు? మంచం కింద కొత్త పెట్టె కనపడుతూనే ఉంది. మెత్తటి బూట్లా? బూట్లకి అమ్మారా పదకొండుమందిని?"

"బూట్లు ఊరికే తెచ్చాడు. పెట్టె విప్పనైనా లేదు, చూసుకో. ఈ పాదానికి ఏ బూట్లయినా ఒకటే ఇప్పుడు. నా కోసం నేను ముప్ఫై ఒక్క ఏళ్ళల్లో ఒక్కటీ అడగలేదు. ఇవాళా అడగలేదు."

"మరి ఎవరి కోసం?"

"కింద బిల్లు కౌంటరు ఉంది కదా, మెషిను ముందు. అక్కడ కూర్చునేవాడు మానేశాడట."

"అయితే?"

"అక్కడ కుర్చీ ఉంది. ఆ షాపు మొత్తానికీ పనివాళ్ళు కూర్చునే కుర్చీ అదొక్కటే. వీపుకి ఆనుకునేది, చక్రాలుంటాయి, మెత్తగా ఉంటుంది. నేను రోజూ దాని పక్కనించే వెళ్ళేదాన్ని. ఒకసారి అందరూ వెళ్ళిపోయాక కూర్చుని చూశాను కూడా. అది నీకిమ్మన్నాను. అదొక్కటే అడిగాను. అర్జీలో ముందు సంతకం తనదేనమ్మా అన్నాడు. పిల్ల, తెలీక చేసింది, మనసులో పెట్టుకోకండి అన్నాను. ఆలోచించాడు. సరేనన్నాడు. రేపట్నించే అన్నాడు. నా ముందే మెట్లు దిగుతూ మేనేజరుకి ఫోను చేసి 'సంతకం అయిపోయింది' అని చెప్పాడు. విన్నాను నేను."

"నా కోసమా?"

"నీ అడుగు ఒకటి చప్పుడవదు, ఒకటి అవుతుంది. రోజూ పొద్దున్నే పడుకుని అది వినడం నావల్ల కావట్లేదే. నా నొప్పి నేను మోస్తాను, నాకు అలవాటు. నీది వినలేను. మిగతా పదిమందీ ఎవరి పిల్లలో, వాళ్ళకీ అత్తలుంటారు, అమ్మలుంటారు. నాకు ఉన్నది ఒక్కదానివి. తిట్టుకుంటే తిట్టుకోనీ నన్ను. తాళాలమ్మ అని ఎలాగూ అన్నారు."

"నన్నడగలేదేం ముందు?"

"అడిగితే ఒప్పుకుంటావా?"

"ఒప్పుకోను."

"అందుకే అడగలేదు. ఏడుస్తావేం! రేపు పొద్దున కూర్చున్నాక నీకే తెలుస్తుంది. ఓ వారం వాళ్ళ మొహాలు చూడలేవు. తరవాత కాలు నొప్పి తగ్గుతుంది. నొప్పి తగ్గితే చాలా మర్చిపోతాం మనం."

"ఒకవేళ మీరు రేపు వెళ్ళి ఆ కాగితం అబద్ధమని చెబితే?"

"చెబితే నీ కుర్చీ పోతుంది. అంతే. అదొక్కటే నన్ను పట్టి ఆపుతోంది. అది లేకపోతే, ఈ కాళ్ళతో లిఫ్టు కూడా లేకుండా ఎక్కుదును ఆ మూడంతస్తులూ. ఎక్కి ఆ కవర్ల సంగతి దగ్గర్నించీ చెబుదును. అదేం నాకు సరదా కాదా?"

"అత్తయ్యా."

"ఊఁ."

"ఎన్నింటికి పెట్టారు సంతకం?"

"పన్నెండింటికి. పక్కింట్లో రేడియో వార్తలు మొదలయ్యాయి, అప్పుడే. ఎందుకు?"

"నా చొక్కా చూడండి. జేబు మీద బ్యాడ్జీ ఏది?"

"సంచిలో వేసుకునుంటావు."

"లేదు."

"పడిపోయిందా? పడిపోతే చెప్పాలి, జరిమానా వేస్తారు. నేను మాట్లాడతాలే వాళ్ళతో, రేపు ఎలాగూ..."

"పడిపోలేదు. తీసేసుకున్నారు. రేపట్నించి రావద్దన్నారు. రెండున్నర దాకా ఆ బస్టాపు బెంచీ మీదే కూర్చున్నాను, పెన్నులమ్మే ఆయన పక్కన. ఇంటికొచ్చి మీకెలా చెప్పాలా అని."

"రావద్దన్నారా? ఎప్పుడు? నిన్నా? నిన్నయితే చిన్న ఓనరుకి తెలిసుండదు. మేనేజరు తొందరపడి చేసుంటాడు. నిన్నే కదా? చెప్పవే, నిన్ననే కదా?"

"నన్ను పిలిచింది ఇవాళ, పన్నెండున్నరకి."